మౌలాలి గుట్ట నుంచి తార్నాక చౌరస్తా దాకా

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ, దాన్ని ఆనుకుని తార్నాక, ఆ పైన లాలాగూడ, ఈశాన్యంగా మౌలాలి. ఈ నాలుగు చోట్లనూ నగరపటం వేర్వేరు పేర్లతో చూపిస్తుంది గానీ నేల మాత్రం ఒక్కటే. ఎక్కడ తవ్వినా బూడిద రంగు, గులాబీ రంగు గ్రానైట్ తగులుతుంది. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎండకు, వానకు పగుళ్లు విచ్చి, అంచులు అరిగి, గుండు మీద గుండు నిలిచిన ఈ గుట్టల మధ్యే ఇక్కడి సమాధులు, బావులు, తోటలు, భవనాలు అన్నీ లేచాయి. హైదరాబాద్ చరిత్ర అనగానే చార్మినార్, గోల్కొండ గుర్తుకొస్తాయి. మూసీకి ఉత్తరాన ఉన్న ఈ రాతి నేలకూ అంతే లోతైన చరిత్ర ఉంది. దాన్ని చదవడానికి పుస్తకాలతో పాటు ఇక్కడ మిగిలిన గుర్తులు కూడా కావాలి.

ఆ గుర్తుల్లో అన్నిటికన్నా పాతవి సమాధులే. మౌలాలి పరిసరాల్లో ఇనుప యుగం నాటి బృహత్‌శిలా సమాధులు బయటపడ్డాయి. గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, వాటి మధ్య రాళ్ల కుప్ప, దాని కింద నిలువు రాతిపలకలతో పెట్టెలా కట్టిన గది, అందులో ఎముకలు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, ఇనుప పనిముట్లు. దక్కనులో చాలాచోట్ల కనిపించే పద్ధతే ఇది. తెలుగు పల్లెల్లో ఇలాంటి వాటిని రాకాసి గుళ్లనీ, పాండవుల గుళ్లనీ పిలుస్తారు. అంతంత రాళ్లను మామూలు మనుషులు ఎత్తలేరన్న ఆశ్చర్యం ఆ పేర్లలో ఉంది. ఇ.హెచ్. హంట్ అనే ఆంగ్లేయుడు మౌలాలి దగ్గర ఈ సమాధుల్ని తవ్వి పరిశీలించి, హైదరాబాద్ ప్రాంతపు రాతి సమాధుల మీద 1924లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఊరు పెరిగిన కొద్దీ ఆ రాతి వలయాల్లో చాలా వాటి మీద ఇళ్లు, రైలు పట్టాలు వచ్చేశాయి. ఈ నేల మీద మనుషులు చనిపోయినవాళ్లకు గుర్తు పెట్టడం మాత్రం కుతుబ్‌షాహీలతో మొదలు కాలేదనీ, అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే మొదలైందనీ ఆ తవ్వకాలతో తెలిసింది.

మౌలాలి గుట్ట ఒకే పెద్ద బండ. చుట్టూ ఉన్న మైదానం మీద గుండ్రంగా, నున్నగా లేచి చాలా దూరానికి కనిపిస్తుంది. గుట్ట కొనన హజ్రత్ అలీ పేరిట వెలసిన దర్గా ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో యాఖూత్ అనే రాజసేవకుడికి కల వచ్చిందనీ, ఆ కలలో కనిపించిన చోటుకి వెళ్తే రాతి మీద అలీ చేతి ముద్ర ఉందనీ, అప్పుడే అక్కడ కట్టడం మొదలైందనీ ఐతిహ్యం చెబుతుంది. రజబ్ నెలలో ఇక్కడ ఉర్సు జరుగుతుంది. కుతుబ్‌షాహీల తర్వాత అసఫ్‌జాహీల కాలంలోనూ పాలకులు, జాగీర్దారులు ఉర్సుకు తరలివచ్చేవారు. గుట్ట చుట్టూ వేసవి విడుదులు, తోటలు, మసీదులు వెలిశాయి. పుణ్యస్థలానికి దగ్గరలో ఖననం కావాలనే కోరిక ఎక్కడైనా ఉండేదే కాబట్టి గుట్ట పాదాన సమాధులూ పెరిగాయి.

వాటిలో ముందుగా చూడవలసింది మహ్‌లఖా బాయి చందా సమాధి. ఉస్మానియా విశ్వవిద్యాలయం కథ నిజానికి అక్కడే మొదలవుతుంది.

చందా 1768లో పుట్టింది. తల్లి రాజ్‌కన్వర్ బాయి దర్బారు నర్తకుల కుటుంబానికి చెందినది. చందా సంగీతం, నృత్యం, ఉర్దూ కవిత్వం నేర్చుకుంది. వాటితో పాటు గుర్రపు స్వారీ, విలువిద్య, ఈటె విసరడం కూడా నేర్చింది. రెండో నిజాం నిజాం అలీఖాన్ యుద్ధయాత్రలకు మగవేషంలో వెంట వెళ్లేది. దర్బారులో ఆమెకు పదవి, బిరుదు, జాగీర్లు దక్కాయి. చంద్రవదన అనే అర్థం వచ్చే మహ్‌లఖా బాయి ఆ బిరుదే. ఆమె గజళ్ల సంపుటి 1798లో కూర్చబడింది. ఒక ప్రతిని 1799లో ఆమె ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌కి బహూకరించింది. అది ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉంది. తొలినాళ్లలో తన ఉర్దూ కవిత్వాన్ని దీవాన్‌గా కూర్చుకున్న ఒకరిద్దరు స్త్రీలలో ఆమె ఒకరు. సొంత గ్రంథాలయం నడిపింది, చరిత్ర రాయించింది, నర్తకులకు శిక్షణ ఇప్పించింది. అప్పట్లో ఆస్తి, అధికారం, అక్షరం మూడూ ఒక స్త్రీ చేతిలో ఉండడం చాలా అరుదు.

1792లో తల్లి చనిపోతే మౌలాలి గుట్ట పాదాన చందా సమాధి కట్టించింది. చుట్టూ ప్రహరీ, లోపల నాలుగు భాగాలుగా తీర్చిన మొఘల్ తరహా తోట, మసీదు, మెట్ల బావి, ఉర్సుకు వచ్చేవాళ్లు ఆగే విడిది. సమాధి ఒక్కటే కట్టించి ఊరుకోలేదు, బతికున్నవాళ్లకు నీళ్లు, నీడ కూడా ఏర్పాటు చేసింది. దక్కను సమాధి తోటలన్నిటికీ ఉన్న గుణం అది. వాటిలోకి జనం ఏడవడానికి మాత్రమే రారు. చెట్టు కింద కూర్చుంటారు, బావి నీళ్లు తాగుతారు, పండగ చేసుకుంటారు. పార్కు అనే మాట మన ఊళ్లకు రాకముందే ఆ పని చేసినవి ఈ తోటలే. 1824లో చందా చనిపోయినప్పుడు ఆమెనూ తల్లి పక్కనే ఖననం చేశారు. తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఆ ఆవరణ పిచ్చిమొక్కలతో నిండి, గోడలు కూలి, పట్టించుకునేవాళ్లు లేక పడి ఉంది. 2010లో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయంతో బాగుచేత పనులు మొదలయ్యాక నీటి కాలువలు, తోట దారులు మళ్లీ ఒక రూపానికి వచ్చాయి. అలా బాగుపడ్డ చిన్న సమాధులు హైదరాబాద్‌లో కొన్నే.

చందాకు దక్కిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. రాళ్ల గుట్టలు, జొన్న చేలు, సీతాఫలపు పొదలు ఉన్న నేల. ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉన్నవి ఆ జాగీరు భూముల్లోనే. క్యాంపస్ నేలలో ఆమె పేరుతోనే పిలిచే పాత మెట్ల బావి ఉంది. గ్రానైట్ దిమ్మెలతో కట్టిన గోడలు, నీటి మట్టం దాకా దిగే మెట్లు. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన ఈ బావిని ఇటీవలి కాలంలో పూడిక తీసి శుభ్రం చేశారు. వేల మంది విద్యార్థులు రోజూ నడిచే చోట ఇలాంటి బావి ఒకటుందని చాలామందికి చాలాకాలం తెలియదు. ఆర్ట్స్ కాలేజీ భవనం మీద చూపించిన శ్రద్ధలో పదో వంతు ఈ బావికి ముందే దక్కి ఉండాల్సింది. ఈ నేల ఎవరిదో, ఇక్కడ ఎవరు నీళ్లు తోడారో చెప్పే సాక్ష్యం క్యాంపస్‌లో ఇలా మిగిలింది.

విశ్వవిద్యాలయం మొదట్లో ఇక్కడ లేదు. నిజాం ప్రభుత్వ అధికారి అక్బర్ హైదరీ 1917లో ఇచ్చిన నివేదిక ఆధారంగా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఫర్మానా జారీ చేశాడు. అందులో ప్రత్యేకమైన అంశం బోధనా భాష. ఇంగ్లిష్‌లో కాక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, సైన్సు, వైద్యం, ఇంజనీరింగ్ సహా అన్నీ బోధించాలన్నది నిర్ణయం. అందుకు పాఠ్యపుస్తకాలు లేవు కాబట్టి ముందు అనువాద విభాగం పెట్టారు. దారుల్ తర్జుమా అని పిలిచే ఆ విభాగం వందల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది, వేల పారిభాషిక పదాలను సృష్టించింది. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె భవనాల్లో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు మొదలయ్యాయి. నూరేళ్ల కిందట మాతృభాషకు దగ్గరి భాషలో ఉన్నత విద్య అన్న ప్రయోగం ఇంత పెద్ద ఎత్తున జరిగిన చోటు దేశంలో మరొకటి లేదు. ఆ భాష రాజ్యంలో ఎక్కువమందికి, అంటే తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లకు, ఇంటి భాష కాదన్నది కూడా అంతే నిజం. 1948 తర్వాత బోధన ఇంగ్లిష్‌లోకి మారింది.

శాశ్వత ఆవరణ కోసం అడిక్‌మెట్‌ను ఎంచుకోవడం వెనుక స్కాట్లాండ్‌కు చెందిన నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ పని ఉంది. ఊరి రద్దీకి దూరంగా, ఎత్తైన గట్టి నేల మీద, దాదాపు 1600 ఎకరాల్లో ఒక విద్యానగరాన్ని కట్టాలని తలపెట్టారు. భవనాలు ఎలా ఉండాలో తేల్చడానికి నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను దేశదేశాలు తిరిగి విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ఐరోపా, అమెరికా, జపాన్, తుర్కీ, ఈజిప్టు చూసిన వాళ్లకు కైరోలో ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి తారసపడ్డాడు. కైరో శివారులోని హెలియోపోలిస్‌లో 1910లో తెరిచిన ప్యాలెస్ హోటల్ నమూనా ఆయనదే. ఇస్లామిక్ కట్టడాల కమానులు, కొలతలు బాగా తెలిసిన మనిషి. ఆయన్ను హైదరాబాద్ పిలిపించారు.

ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించాడు. రెండంతస్తుల ఈ గులాబీ గ్రానైట్ భవనం ఎత్తులో కన్నా వెడల్పులో గంభీరంగా ఉంటుంది. విశాలమైన మెట్లు ఎక్కగానే ముందుభాగం ఎత్తంతా తీసుకున్న పెద్ద కమాను ఎదురవుతుంది. అది అరబ్, పర్షియన్ తరహా. లోపలికి వెళ్లి స్తంభాల మీద కళ్లు నిలిపితే అజంతా, ఎల్లోరా గుహల్లోని స్తంభాల పోలిక కనిపిస్తుంది. అంచుల మీది చెక్కడాల్లో బీదర్, గోల్కొండ కట్టడాల పని ఉంది. రాజ్యంలో ఉన్న అన్ని సంప్రదాయాలనూ ఒకే గోడ మీదికి తేవాలన్నది ఆలోచన. అలాంటి ఆలోచనతో కట్టిన భవనాలు చాలాచోట్ల అతుకుల బొంతలా తయారవుతాయి. ఇక్కడ అలా కాలేదు. కారణం రాయి. పునాది నుంచి పిట్టగోడ దాకా ఒకే రంగు, ఒకే గరుకుదనం ఉన్న స్థానిక గ్రానైట్ వాడడం వల్ల ఆ వేర్వేరు రీతులు కలిసిపోయాయి. ఉదయపు ఎండలో రాయి లేత గులాబీగా, సాయంత్రం ఇటుక రంగులో కనిపిస్తుంది. వాన కురిస్తే బూడిద రంగుకు తిరుగుతుంది. ఉస్మానియా అనగానే ప్రతి తెలుగు పాఠకుడికీ కళ్ల ముందు నిలిచే బొమ్మ ఇదే.

ఆ రాయిని పగలగొట్టి, చెక్కి, మోసినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. క్యాంపస్‌ను ఆనుకుని మాణికేశ్వరినగర్ అనే బస్తీ ఉంది. దాని పాత పేరు వడ్డెర బస్తీ. రాతి పని కులవృత్తిగా ఉన్న వడ్డెరలు నివసించే చోటు. ఆర్ట్స్ కాలేజీ చూడడానికి వచ్చేవాళ్లు ఆ బస్తీనీ ఒకసారి చూస్తే, గ్రానైట్ దిమ్మెకు వెనుక ఉన్న చేతులెవరివో అర్థమవుతుంది.

ఆర్ట్స్ కాలేజీ ఒక్కటే క్యాంపస్ కాదు. 1929లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ 1947 నుంచి ఇక్కడి సొంత భవనంలో నడుస్తోంది. లా కాలేజీ, సైన్స్ కాలేజీ, టెక్నాలజీ కాలేజీ, ప్రధాన గ్రంథాలయం, ఓల్డ్ పీజీ హాస్టల్, ఠాగూర్ ఆడిటోరియం ఒక్కొక్కటే చేరాయి. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఉస్మానియా 1938లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది, 1953లో బి.ఆర్. అంబేద్కర్‌కు ఇచ్చింది. గ్రంథాలయంలో లక్షల పుస్తకాలతో పాటు అరబ్బీ, పార్శీ, ఉర్దూ చేతిరాత ప్రతులు, తాళపత్రాలు ఉన్నాయి. ఉర్దూ మాధ్యమం రోజుల్లోనే తెలుగు శాఖ ఉండేది. రాయప్రోలు సుబ్బారావు ఇక్కడ తెలుగు ఆచార్యుడిగా చాలాకాలం పనిచేశాడు. తర్వాతి తరంలో సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో బీఏ చదివి, తెలుగులో ఎంఏ చేసి, ఇక్కడే పాఠాలు చెప్పాడు. ఆయన తెలుగు గజళ్ల వెనుక ఈ ఆవరణలో విన్న ఉర్దూ ఉందనడంలో సందేహం అక్కర్లేదు. చందా గజళ్లు రాసిన కాలానికి నూట యాభై ఏళ్ల తర్వాత, ఆమె జాగీరులోనే, గజల్ తెలుగు నేర్చుకుంది.

క్యాంపస్‌ను పార్కు అని ఎవరూ అనరు గానీ తార్నాక, విద్యానగర్, సీతాఫల్‌మండి, హబ్సిగూడ, అంబర్‌పేట జనానికి అదే పెద్ద పార్కు. తెల్లవారుజామున ఐదు గంటల నుంచే నడకకు వచ్చేవాళ్లతో ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్లు నిండుతాయి. ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో యోగా చేసేవాళ్లు, మైదానాల్లో క్రికెట్ ఆడే పిల్లలు, బండల మీద కూర్చుని పోటీ పరీక్షల పుస్తకాలు చదివే నిరుద్యోగులు. వేప, కానుగ, చింత, రావి, వేసవి మొదట్లో ఎర్రగా పూసే గుల్‌మొహర్. జనం తక్కువగా తిరిగే వైపు నెమళ్లు అరుస్తాయి, రాళ్ల సందుల్లో సీతాఫలం చెట్లు తమంతట తామే మొలుస్తాయి. పక్కనే ఉన్న సీతాఫల్‌మండి పేరు వింటే ఈ చెట్లు ఒకప్పుడు ఎంత విరివిగా ఉండేవో ఊహించవచ్చు.

ఈ ఖాళీ నేలకు ఇంకో ప్రయోజనం ఉంది, అది కంటికి కనిపించదు. వాన నీరు పారిపోకుండా బండల మధ్య గుంతల్లో, పొదల వేళ్లలో ఆగి భూమిలోకి ఇంకుతుంది. చుట్టూ కాంక్రీటు అయిపోయిన కాలనీల బోర్లలో నీళ్లు నిలవాలంటే ఇలాంటి నేల ఉండాలి. మొదట కేటాయించిన విస్తీర్ణంలోంచి పరిశోధన సంస్థలకు, ఇతర అవసరాలకు భూమి పోయింది. అంచుల్లో ఆక్రమణల వివాదాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. క్యాంపస్ మధ్యగా తార్నాకను, విద్యానగర్‌ను కలిపే రోడ్డు మీద ఊరి వాహనాలన్నీ పోతుంటాయి. ఖాళీగా కనిపించే ప్రతి ఎకరాన్నీ వాడుకోని భూమి అని లెక్కవేయడం తప్పు. ఆ ఎకరం రోజూ పని చేస్తూనే ఉంది.

క్యాంపస్‌లో కొన్ని చోట్లకు గుర్తుపలకలు లేకపోయినా జనం జ్ఞాపకంలో అవి స్మారకాలే. 1938 చివర్లో హాస్టల్ విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు నిషేధించారు. పాడడం మానని విద్యార్థుల్ని పెద్ద సంఖ్యలో బహిష్కరించారు. ఉద్యమం ఉస్మానియా పరిధిలోని ఇతర కాలేజీలకూ పాకింది. వరంగల్‌లో చదువుతున్న పి.వి. నరసింహారావు అలా బహిష్కరణకు గురై నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించాడు. బయటికి నెట్టిన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. 1969లో ప్రత్యేక తెలంగాణ కోరుతూ వచ్చిన ఉద్యమానికి ఉస్మానియా విద్యార్థులే వెన్నెముక. ఆ ఏడాది కాల్పుల్లో చనిపోయినవారి స్మారక స్తూపం అసెంబ్లీ ఎదుట గన్‌పార్కులో ఉంది. క్యాంపస్ నుంచి బయల్దేరిన ఊరేగింపులు చాలాసార్లు అక్కడికే చేరేవి. 1972 ఏప్రిల్ 14న భౌతికశాస్త్ర విద్యార్థి, విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి క్యాంపస్‌లోని ఇంజనీరింగ్ హాస్టల్ దగ్గర హత్యకు గురయ్యాడు. యాభై ఏళ్లు దాటినా ఏప్రిల్ రాగానే అతని పేరు మళ్లీ గోడల మీదికి వస్తుంది.

2009 నవంబరు చివర నుంచి ఆర్ట్స్ కాలేజీ మెట్లు తెలంగాణ ఉద్యమానికి వేదిక అయ్యాయి. సభలు, నిరాహార దీక్షలు, వంటావార్పు, ధూంధాం అన్నీ అక్కడే. డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు మీద కేంద్ర ప్రకటన వచ్చినప్పుడు సంబరాలు జరిగినవీ, ఆ తర్వాత ప్రకటన వెనక్కి పోయిందని ఆగ్రహం రగిలిందీ ఆ మెట్ల ముందే. 2010 ఫిబ్రవరిలో ఎన్‌సీసీ గేటు దగ్గర ఒక యువకుడు ఒంటికి నిప్పంటించుకుని ప్రాణం వదిలాడు. ఆ దారిన వెళ్లే చాలామందికి ఆ గేటు ఇప్పటికీ అతని పేరుతోనే గుర్తుంది. నిజాం తన కీర్తికి గుర్తుగా కట్టించిన భవనం అలా రాజ్యాన్ని, ప్రభుత్వాల్ని ప్రశ్నించిన విద్యార్థుల గుర్తుగా మారింది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ శతాబ్ది ఉత్సవాలు ప్రారంభించినప్పుడు కూడా దేశమంతా చూసిన బొమ్మ ఆ కమానే.

క్యాంపస్ ఉత్తరపు గేటు దాటితే తార్నాక. ముళ్ల తీగ కంచె, దాని దగ్గర కాపలా నాకా ఒకప్పుడు ఇక్కడ ఉండేవనీ, తార్‌నాకా అన్న పేరు అలా వచ్చిందనీ స్థానికులు చెబుతారు. పక్కనున్న హబ్సిగూడకు ఆ పేరు నిజాం కొలువులోని హబ్షీల, అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సైనికుల, వల్ల వచ్చిందంటారు. స్వాతంత్య్రం తర్వాత విశ్వవిద్యాలయ ఉద్యోగులు, రైల్వే ఉద్యోగులు, శాస్త్రవేత్తలు ఇళ్లు కట్టుకోవడంతో తార్నాక మధ్యతరగతి కాలనీగా పెరిగింది. విజయపురి కాలనీ, నాగార్జున నగర్, కిమ్‌తీ కాలనీ, నంబర్లతో పిలిచే వీధులు. ఇక్కడ చిరునామా చెప్పేటప్పుడు ఎవరూ ఇంటి నంబరుతో మొదలుపెట్టరు. ఆరాధన థియేటర్ దాటాక అనో, ఆర్టీసీ ఆసుపత్రి సందు అనో, హుడా కాంప్లెక్స్ ఎదురుగా అనో చెబుతారు. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయం ఏళ్ల తరబడి అక్కడ ఉండడం వల్ల సంస్థ పేరు మారినా ఆ భవనం హుడాగానే ఉండిపోయింది.

తార్నాకకు దేశంలో పేరు తెచ్చినవి ప్రయోగశాలలు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో హైదరాబాద్ రాజ్యం ఇక్కడ పరిశ్రమల పరిశోధన కోసం ఒక ప్రయోగశాల పెట్టింది. 1956లో అది కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది. పాతవాళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. ఇప్పటి పేరు ఐఐసీటీ. మందుల తయారీ పద్ధతులు, పురుగు మందులు, నూనెల మీద ఇక్కడ జరిగిన పని హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు పునాది. దాని ఒడిలోనే 1977లో పుట్టిన జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో ఎదిగి, 1987లో హబ్సిగూడ వైపు సొంత ఆవరణకు మారింది. ఆ పక్కనే 1961లో ఏర్పడిన ఎన్‌జీఆర్ఐ భూకంపాలను, భూగర్భ జలాలను, ఖనిజాలను అధ్యయనం చేస్తుంది.

సామాన్యుల జీవితానికి వీటన్నిటికన్నా దగ్గరిది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి మీద మొదలుపెట్టిన పరిశోధన క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. తార్నాకలో, జామై ఉస్మానియా దగ్గర స్థిరపడింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. జొన్నన్నమే ప్రధాన ఆహారమైన పేదల్లో కనిపించే పెల్లాగ్రా వ్యాధి మీద కొలుతూరు గోపాలన్ బృందం ఇక్కడ చేసిన పరిశోధన ప్రసిద్ధం. విటమిన్ ఏ లోపంతో పిల్లలు చూపు కోల్పోకుండా ఆరు నెలలకోసారి మోతాదు ఇచ్చే పద్ధతి వెనుక కూడా ఈ సంస్థ కృషి ఉంది. మన దేశంలో ఏ ఆహారంలో ఎంత మాంసకృత్తి, ఎంత ఇనుము ఉందో చెప్పే పట్టికలు ఇక్కడివే. గేటు బయటి నుంచి చూస్తే మామూలు సర్కారు ఆఫీసులా కనిపించే ఈ చోటు కాపాడిన కళ్ల సంఖ్యను బట్టి చూస్తే, తార్నాకలో ఇంతకు మించిన స్మారకం లేదు.

తార్నాకకు వాయవ్యంగా లాలాగూడ, మెట్టుగూడ రైల్వే ఊళ్లు. నిజాం రైల్వే 1893లో లాలాగూడలో పెట్టిన వర్క్‌షాపు ఇప్పటికీ బోగీలు బాగుచేస్తోంది. రైల్వే ఆసుపత్రి, ఎత్తైన పైకప్పుల పాత క్వార్టర్లు, రైల్వే మైదానాలు, చర్చిలు ఉన్నాయి. డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మెన్లుగా పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇక్కడ ఒకప్పుడు పెద్ద సంఖ్యలో ఉండేవి. చాలామంది విదేశాలకు వెళ్లిపోయారు. వాళ్ల పెద్దల పేర్లు నారాయణగూడ, భోయిగూడ క్రైస్తవ శ్మశానవాటికల్లో రాళ్ల మీద మిగిలాయి. హిందువుల అంత్యక్రియలకు ఈ చుట్టుపక్కల వాళ్లు ఎక్కువగా మూసీ వైపున్న అంబర్‌పేట శ్మశానానికి వెళ్తారు. క్యాంపస్‌కు పడమరగా ఉన్న పార్శీగుట్టకు ఆ పేరు పార్శీల అంత్యక్రియల స్థలం వల్ల వచ్చింది. ఇన్ని మతాల వీడ్కోలు స్థలాలు కొద్ది కిలోమీటర్ల లోపే ఉండడానికి కారణం రైల్వే, సికింద్రాబాద్ కంటోన్మెంట్, విశ్వవిద్యాలయం మూడూ కలిసి దేశం నలుమూలల నుంచి మనుషుల్ని ఇక్కడికి తీసుకురావడం.

వీటిని చూడాలనుకునేవాళ్లకు దారి తేలికే. 2017 నవంబరు 28న ప్రారంభమైన నాగోలు మెట్రో మార్గంలో మెట్టుగూడకు, హబ్సిగూడకు మధ్య తార్నాక స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి ఆటోలో కొద్ది నిమిషాలు వెళ్తే ఆర్ట్స్ కాలేజీ. సికింద్రాబాద్, కాచిగూడ మధ్య నడిచే లోకల్ రైళ్లకు సీతాఫల్‌మండి తర్వాత ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా స్టేషన్లు ఉన్నాయి. రాయి రంగు చూడాలంటే సూర్యోదయం తర్వాతి గంట మంచిది. మెట్ల బావిని వెతుక్కోవాలి కాబట్టి క్యాంపస్‌లో ఎవరినైనా అడగడం మేలు. మౌలాలికి తార్నాక నుంచి ఐదారు కిలోమీటర్లు. ముందు గుట్ట మెట్లెక్కితే రైల్వే యార్డులు, ప్రయోగశాలల చెట్లు, క్యాంపస్ పచ్చదనం అన్నీ ఒకే చూపులో అందుతాయి. దిగాక కింద చందా సమాధి ఆవరణకు వెళ్లవచ్చు. గేటు తాళం వేసి ఉంటే కాపలాదారు దగ్గరలోనే ఉంటాడు, అడిగితే తెరుస్తాడు.